రెండు సైజులు పెద్దవి కొనకండి

డాలస్ శివార్లలో, న్యూజెర్సీలో, బే ఏరియాలో ఐస్ స్కేటింగ్ నేర్చుకుంటున్న పిల్లలున్న తెలుగు ఇళ్లు ఇప్పుడు తక్కువేం కాదు. ఆ తల్లిదండ్రులకు ఒక మాట సూటిగా చెప్పాలి. పిల్లకి కొత్త బ్లేడ్లు కొనబోతుంటే ఆగండి. కోచ్ చూడకుండా, పాదం కొలిపించకుండా, సేల్ రేపటితో అయిపోతుందన్న తొందరలో కొన్న బ్లేడు డబ్బు దండగతో పోదు, పిల్లను పడేస్తుంది. మంచు మీద పడితే ముందు దెబ్బ తగిలేది మణికట్టుకి, మోకాలికి, గడ్డానికి. వెనక్కి పడితే తలకి.

మనకు ఎదిగే పిల్లల బట్టలు వదులుగా కొనడం అలవాటు. పరికిణీకి అడుగున మడతలు వేసి కుట్టించి ఏడాదికొకటి విప్పుకుంటాం. స్కేట్లకి ఆ మడత లేదు. బూటు పెద్దదైతే మడమ లోపల పైకి లేస్తుంది, చీలమండ పక్కకి ఒరుగుతుంది, పిల్ల ఎంత చెప్పినా బ్లేడు అంచు (ఎడ్జ్) మీద నిలబడలేదు. బ్లేడు పొడవైతే ఇంకా ప్రమాదం. బ్లేడ్ల కొలత పావు అంగుళం తేడాతో మారుతుంది. సరైన బ్లేడు తోక బూటు మడమతో ఇంచుమించు సమంగా ఆగుతుంది. అది వెనక్కి పొడుచుకొచ్చిందనుకోండి, పిల్ల అడ్డంగా అడుగు వేసినప్పుడు ఒక కాలి బ్లేడు రెండో కాలి తోక మీద ఎక్కుతుంది. ఇక వెనక్కి విరుచుకు పడటమే. దుకాణంలోనే బూటు తిరగేసి ఆ తోక ఎక్కడ ఆగిందో చూడండి, అరనిమిషం పని.

అసలు ముప్పు మరొకటి ఉంది: ఖరీదైనదే క్షేమమన్న నమ్మకం. ఒలింపిక్స్‌లో ఆడేవాళ్లు వాడే బ్లేడే మన అమ్మాయికీ కొంటే త్వరగా వస్తుందని వందల డాలర్లు పోసి తెచ్చే నాన్నలున్నారు. ప్రేమే, కాదనను. కానీ ఆ బ్లేడు ముందు కొసన ఉండే పళ్లని, అంటే టో పిక్‌ని, ఒకసారి వేలితో తడిమి చూడండి. జాన్ విల్సన్ కంపెనీ పాటర్న్ 99 లాంటి పెద్ద తరగతి బ్లేడులో ఆ పళ్లు పెద్దవి, పదునైనవి. మంచులోకి గుచ్చి డబుల్, ట్రిపుల్ జంప్‌లకు లేవడానికి చేసినవి. అన్నిటికన్నా కిందికుండే పన్నుని డ్రాగ్ పిక్ అంటారు. బరువు పాదం మధ్యలో నిలుపుకోవడం ఇంకా రాని పిల్ల కాస్త ముందుకు వంగిందంటే చాలు, ఆ పన్ను మంచుని పట్టేస్తుంది. కాలు ఆగిపోతుంది, ఒళ్లు ఆగదు.

బ్లేడు అడుగు కూడా చూడటానికే తిన్నగా ఉంటుంది. నిజానికది పెద్ద వృత్తంలోంచి కోసిన చాపం. దాన్ని రాకర్ అంటారు. మధ్యస్థాయి పిల్లలు ఎక్కువగా వాడే కొరొనేషన్ ఏస్ బ్లేడుకి ఆ వృత్తం వ్యాసార్ధం 7 అడుగులు, పాటర్న్ 99కి 8. ఒక్క అడుగే కదా అనిపిస్తుంది. కానీ 8 అడుగుల బ్లేడు మంచుకి ఎక్కువ మేర ఆనుతుంది, జారుడులో నిలకడ ఇస్తుంది. స్పిన్‌లో నిలబడాల్సిన చోటు మాత్రం కొత్తగా వెతుక్కోవాలి. నిన్నటిదాకా చక్కగా తిరిగిన పిల్ల ఇవాళ నాలుగు చుట్లకే తూలుతుంది. కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. అందుకే టెస్టుకీ పోటీకీ ముందు బ్లేడు మార్చడం తెలివితక్కువ పని.

మరి ఎప్పుడు ఏది? ముందుకీ వెనక్కీ జారడం, ఒంటికాలి మీద నిలవడం, ఒంటికాలి మీదే దిశ మార్చే త్రీ టర్న్ దాకా బూటుకి కంపెనీయే బిగించి అమ్మే మామూలు బ్లేడు చాలు. సాల్కో, టో లూప్, లూప్, ఫ్లిప్ లాంటి సింగిల్ జంప్‌లూ, స్పిన్‌లూ మొదలయ్యాక కొరొనేషన్ ఏస్ తరగతి. ఆక్సెల్ జంప్ కుదిరి డబుల్స్ సాధన చేస్తుంటే పాటర్న్ 99, గోల్డ్ సీల్ లాంటివి కోచ్‌తో మాట్లాడి ఆలోచించండి. వయసుని బట్టి కాదు, పక్కింటివాళ్ల పిల్లని బట్టి అసలే కాదు. బూటూ బ్లేడూ ఒకే స్థాయివై ఉండాలి. ఇరవై కిలోల పిల్లకి డబుల్స్ ఆడేవాళ్ల బిర్రబూటు తొడిగితే చీలమండ వంగదు, మోకాలూ వంగదు.

ఇదంతా చదివి పాత బ్లేడునే పట్టుకు వేలాడకండి. అదీ అపాయమే. డబుల్స్ చేసే పిల్ల మొదటి ఏడాది కొన్న బ్లేడు మీదే ఉంటే ఆ మెత్తటి ఉక్కు పదును త్వరగా పోతుంది. లట్జ్ జంప్‌కి కాలు వెనక్కి వేసి గుచ్చినప్పుడు చిన్న పిక్ పట్టు దొరక్క జారుతుంది. క్రోమ్ పూత ఉన్న బ్లేడైతే కింద అంచు వెంట పూత లేని ఉక్కు పట్టీ ఒకటి కనిపిస్తుంది. పదే పదే సాన పట్టడంతో అది సన్నగిల్లి పూత దగ్గరికొచ్చిందంటే ఆ బ్లేడు పని అయిపోయినట్టే. సెకండ్‌హ్యాండ్ స్కేట్లు కొనేవాళ్లు ముందు చూడాల్సింది ఈ పట్టీనే. అరిగిన రాకర్‌ని మునుపటిలా తేవడం కష్టం, అమ్మేవాడి ఫొటోలో అది కనిపించదు.

హైదరాబాదులో మేనకోడలికి పంపుదామని రెండో జత కొనే పిన్నులూ, మేనమామలూ ఇక్కడ ఆగాలి. మన రాష్ట్రాల్లో స్కేటింగంటే ప్రధానంగా చక్రాలే. హైదరాబాదీ అనూప్ కుమార్ యామ 2010 గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో కాంస్యాలు తెచ్చింది రోలర్ స్కేట్ల మీదే. మంచు బ్లేడు పంపితే దాన్ని అక్కడ సాన పట్టేదెవరు?

సాన సంగతి చివరికి మిగిల్చాను గానీ ఎక్కువ బ్లేడ్లు పాడయ్యేది అక్కడే. ఫిగర్ బ్లేడు అడుగున సన్నటి గాడి ఉంటుంది, దానికిరువైపులా లోపలి అంచు, బయటి అంచు. రెండూ సమానమైన ఎత్తులో ఉండాలి. స్కేటుని తిరగేసి బ్లేడుకి అడ్డంగా ఒక నాణెం ఆనించి కంటి ఎత్తున పట్టుకోండి. నాణెం ఒకవైపు ఒరిగిందంటే సాన వంకరగా పడింది. ఆ కాలు తిన్నగా పోదు, తప్పు పిల్లదనుకుని కోచ్ కేకలేస్తాడు. రింకుల్లో చాలాచోట్ల హాకీ స్కేట్లకి అలవాటుపడ్డ చేతులే సాన పడతాయి. హాకీ బ్లేడుకి పిక్ ఉండదు. ఆ చెయ్యి అదే ఊపులో ఫిగర్ బ్లేడు డ్రాగ్ పిక్‌ని రాకేస్తే మళ్లీ అది మొలవదు. సుమారు 20 నుంచి 40 గంటల ఆటకి ఒకసారి సాన అవసరమవుతుంది కాబట్టి ఈ ప్రమాదం ఏడాదిలో ఎన్నోసార్లు ఎదురవుతుంది.

ఈ రాత్రే స్కేట్ల సంచి తెరవండి. బ్లేడ్లు ప్లాస్టిక్ గార్డుల్లోనే ఉంటే తీసి తుడవండి, లోపల నిలిచిన తడి తుప్పు పట్టిస్తుంది. గార్డులు నడవడానికే, దాచడానికి గుడ్డ తొడుగులు వేరే ఉంటాయి. బూటు అడుగున స్క్రూలన్నీ బిగువుగా ఉన్నాయో లేదో చూడండి, ఒక్కటి వదులైనా ఆ జత రింకుకి వద్దు. సానకి ఇచ్చేముందు ఆ మనిషిని, ‘ఫిగర్ బ్లేడ్లు రోజూ చేస్తారా? డ్రాగ్ పిక్ ముట్టుకోరుగా?’ అని అడగండి. తటపటాయిస్తే స్కేట్లు తిరిగి సంచిలో వేసుకుని బయటికొచ్చేయండి.