అద్దె ఇల్లు, హెల్త్ ఫాసెట్, మూడు బిల్లులు

2024 జనవరి రెండో వారం. శనివారం పొద్దున్నే ఫోను. "అన్నా, వంటింట్లో పైనుంచి నీళ్ళు కారుతున్నాయి. సీలింగు కొంచెం ఊడింది" అన్నాడు కుర్రాడు. ఆ "కొంచెం" అంటే ఎంతో క్లాండాల్కిన్ వెళ్ళి చూశాక గాని తెలియలేదు. వంటింటి సీలింగు సగం స్టవ్వు మీద పడి ఉంది. ఫ్లోరు చెక్కలు ఉబ్బిపోయాయి. హాల్లో కార్పెట్ మీద అడుగు వేస్తే బూటు చుట్టూ నీళ్ళు ఊరాయి.

ఈ ఇల్లు నేను 2017లో కొన్నాను. పాత రౌండ్ టవర్‌కు నడిచి వెళ్ళే దూరం. ఇక్కడే మాస్టర్స్ చేసి, ఉద్యోగంలో చేరి, దాచుకున్న డబ్బంతా పెట్టి కొన్న మొదటి ఇల్లు. 2022లో పిల్లల కోసం ఇంకొంచెం పెద్దదానికి మారి దీన్ని అద్దెకిచ్చాను. అద్దెకున్నది ముగ్గురు మన కుర్రాళ్ళే, ఒకరి ద్వారా ఒకరు తెలిసినవాళ్ళు.

నీళ్ళకు కారణం మీలో చాలామంది ఊహించగలరు. ఇక్కడి బాత్రూముల్లో మనకు అలవాటైన చేతి షవర్ ఉండదు కదా. ఆన్‌లైన్‌లో ఒక హెల్త్ ఫాసెట్ తెప్పించి, టాయిలెట్ ట్యాంకుకు వెళ్ళే పైపుకు వాళ్ళే బిగించుకున్నారు. రాత్రి ఎప్పుడో ఆ జాయింటు ఊడింది. పైన గదుల్లో పడుకున్నవాళ్ళకు తెల్లారేదాకా తెలియలేదు.

ఇది నా ఒక్కడి గొడవే అయితే ఇక్కడ రాసేవాణ్ణి కాదు. డబ్లిన్‌లో పాత ఇంటిని అమ్మకుండా అద్దెకిచ్చిన మనవాళ్ళు తక్కువేమీ లేరు. గత కొన్నేళ్ళలో వచ్చిన మార్పుల వల్ల, ఇలాంటి నష్టం జరిగితే ఇల్లుగలవాడికి ఇన్సూరెన్స్ తప్ప పెద్దగా దిక్కు లేదు. 2021 ఆగస్టు 9 నుంచి డిపాజిట్ ఒక నెల అద్దెకు మించకూడదు. బెంగళూరులో పది నెలల అడ్వాన్సు ఇచ్చి దిగినవాళ్ళకు ఇది వింతగా ఉంటుంది. నష్టాన్ని అద్దె పెంచి రాబట్టుకుందామన్నా కుదరదు. డబ్లిన్‌లో 2016 డిసెంబరు నుంచి అద్దెల మీద నియంత్రణ ఉంది, 2025 జూన్ 20 నుంచి అది దేశమంతటా వచ్చింది. మామూలు పాత ఇళ్ళకు ఏడాదికి ద్రవ్యోల్బణం లేదా 2 శాతం, ఏది తక్కువైతే అంతే పెంచాలి. అద్దెకుండేవాళ్ళ వైపు నుంచి చూస్తే ఇవి న్యాయమైనవే. నేనూ ఆరేళ్ళు అద్దె గదుల్లో బతికినవాణ్ణే. కాని అంతా పాలసీ కాగితం మీదే ఆధారపడినప్పుడు ఆ కాగితంలో ఏముందో తెలియాలి. మనలో ఎంతమందిమి చదివాం? నేనైతే సీలింగు పడ్డాకే చదివాను.

సీలింగు ఒక్కటే కాదు, ఇల్లంతా చూస్తే ఇంకా బయటపడ్డాయి. డిసెంబరులో ఒక కుర్రాడు ఇండియా వెళ్తూ నాకు చెప్పకుండా తన గది ఇంకెవరికో ఇచ్చాడు. ఆ వచ్చినవాడు ఒక రాత్రి తాగి రెండు తలుపులు, ఒక గోడ పగలగొట్టి పోయాడు. మిగతా గదుల్లో మూలల్లో బూజు, పెచ్చులు లేచిన రంగు. కోపంలో అన్నీ కలిపి 11,400 యూరోల అంచనాతో ఒకే క్లెయిము పంపేశాను. "అద్దెకున్నవాళ్ళ నిర్లక్ష్యం వల్ల" అని పైన పెద్ద అక్షరాలతో రాశాను కూడా!

నేను చేసిన అసలు తప్పు అదే. అద్దె ఇంటి పాలసీ అద్దెకున్నవాళ్ళ ప్రవర్తనకు హామీ ఇవ్వదు. అది కొన్ని సంఘటనలకు మాత్రమే హామీ. నిప్పు, తుఫాను, పైపు నుంచి హఠాత్తుగా నీళ్ళు రావడం, దొంగతనం, అలాంటివి. పైపు హఠాత్తుగా ఊడితే ఆ నీళ్ళు చేసిన పాడుకు డబ్బిస్తారు. ఊడిన పైపుకు ఇవ్వరు. ఆరు నెలలుగా బొట్టుబొట్టుగా కారి కుళ్ళిన చెక్కకూ ఇవ్వరు. ఎవరైనా కావాలని పగలగొడితే చాలా పాలసీల్లో కవరు ఉంటుంది, కాని ఆ పగలగొట్టినవాడు అద్దెకున్నవాడో, అతను లోపలికి రానిచ్చిన మనిషో అయితే ఉండదు. అదనంగా ప్రీమియం కట్టి ఆ భాగం చేర్చుకోవాలి. నేను చేర్చుకోలేదు. బూజు, రంగు అయితే ఎవరి పాలసీలోనూ ఉండవు.

కంపెనీ పంపిన లాస్ అడ్జస్టర్ మర్యాదస్తుడు, టీ కూడా తాగాడు. కాని అడిగిన మొదటి ప్రశ్న "తలుపు ఏ రోజు విరిగింది?" అని. రెండోది "ఆ పైపు ఎవరు బిగించారు?" అని. ఒకే కాగితం మీద నీళ్ళూ, తలుపులూ, బూజూ కలిపేసరికి ఆయనకు మొత్తం మీదే అనుమానం వచ్చింది. అప్పటికే ఒక స్నేహితుడు సలహా ఇచ్చి ఉన్నాడు: "ఫాసెట్ తీసి పారెయ్యి. పైపు దానంతటదే పగిలిందని రాయి. ఎవడు చూస్తాడు?" ఒక రాత్రి నిజంగానే ఆలోచించాను, అబద్ధం ఎందుకు చెప్పాలి. మర్నాడు చట్టం చదివితే కథ వేరేగా ఉంది. 2019 నాటి వినియోగదారుల బీమా ఒప్పందాల చట్టం ప్రకారం, తెలిసి అబద్ధపు సమాచారం ఇస్తే కంపెనీ క్లెయిము మొత్తం తిరస్కరించవచ్చు. నిజం చెబితే పోయేదేమిటి? అద్దెకున్నవాడి పొరపాటు వల్ల జరిగినా, అది ప్రమాదమే. నిజమే చెప్పాను, సంచిలో పెట్టి ఉంచిన ఫాసెట్‌తో సహా.

తర్వాత పాత క్లెయిము వెనక్కి తీసుకుని మూడు ముక్కలు చేశాను. నీళ్ళ నష్టం 8,200. తలుపులు, గోడ 1,900. బూజు, రంగు 1,300. మొదటిది కంపెనీకి. రెండోది అద్దెకున్నవాళ్ళ డిపాజిట్‌కు. మూడోది నా జేబుకు. నిజానికి బాత్రూములో గాలి పోయే ఫ్యాను రెండేళ్ళుగా పనిచేయడం లేదు, ఆ తప్పు నాదే.

కంపెనీ 8,200లో 7,600 ఒప్పుకుంది. ఆరేళ్ళ పాత కార్పెట్‌కు కొత్త ధర ఇవ్వలేదు. నీళ్ళ క్లెయిముకు నా ఎక్సెస్ 1,000. మిగిలిన 6,600లో 330 మరమ్మతు బిల్లులు చూపేదాకా ఆపుకున్నారు. ఇంతకంటే ఎక్కువ ఆపుకోవడానికి వీల్లేదని చాలామందికి తెలియదు. పైన చెప్పిన చట్టమే 40,000 యూరోలకు లోపు సెటిల్మెంటులో 5 శాతం, ఆపైన 10 శాతం అని హద్దు పెట్టింది. అద్దెకిచ్చేవాడు వ్యాపారి కదా, ఈ చట్టం వర్తిస్తుందా అని అడిగినవాళ్ళున్నారు. ఏడాదికి 30 లక్షల యూరోల లోపు టర్నోవరు ఉన్న చిన్న వ్యాపారం కూడా దాని కిందికే వస్తుంది.

కంపెనీతో మీకు పేచీ వస్తే ముందు వాళ్ళకే రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యాలి. 40 పని దినాల తర్వాత కూడా తేలకపోతే ఫైనాన్షియల్ సర్వీసెస్ అండ్ పెన్షన్స్ అంబుడ్స్‌మన్‌ దగ్గరకు వెళ్ళవచ్చు. ఖర్చు లేదు. పెద్ద నష్టమైతే మీ తరఫున లాస్ అసెసర్‌ను పెట్టుకోవచ్చు, వచ్చిన సొమ్ములో శాతం తీసుకుంటారు. అడ్జస్టర్ కంపెనీ మనిషి, అసెసర్ మీ మనిషి. పేర్లు దగ్గరగా ఉండడంతో మనవాళ్ళు ఇద్దర్నీ కలిపేస్తారు. అసెసర్‌కు సెంట్రల్ బ్యాంకు అనుమతి ఉందో లేదో ముందు చూసుకోండి.

నాకు తెలిసిన ఒకాయన పరిస్థితి ఇంతకంటే కష్టమైంది. తాను ఉన్నప్పటి ఇంటి పాలసీనే కొనసాగిస్తూ, అద్దెకిచ్చిన సంగతి కంపెనీకి చెప్పలేదు. ప్రీమియం పెరుగుతుందని భయం. 2021 సెప్టెంబరు నుంచి నియమం ఏమిటంటే, కంపెనీ అడిగిన ప్రశ్నలకు మనం నిజాయితీగా, జాగ్రత్తగా జవాబివ్వాలి. "ఇంట్లో మీరే ఉంటున్నారా?" అన్నది ప్రతి రెన్యువల్‌లో ఉండే ప్రశ్నే. అజాగ్రత్త అని తేలితే దానికి తగ్గట్టు కోత, మోసం అని తేలితే ఏమీ రాదు. ఆయన నిప్పు క్లెయిము ఇంకా నలుగుతూనే ఉంది. 2004 నాటి అద్దెల చట్టం ఇంటి నిర్మాణానికి బీమా ఉంచడం ఇల్లుగలవాడి బాధ్యత అంటుంది, కనీసం 2,50,000 యూరోల లయబిలిటీ కవరుతో సహా. కాగితం ఉండి కూడా అది పనికిరానిదైతే ఆ బాధ్యత తీరినట్టేనా?

బీమా మొత్తం విషయంలో కూడా ఒక మాట. ఇల్లు అమ్మితే వచ్చే ధర కాదు, మళ్ళీ కట్టడానికి అయ్యే ఖర్చు రాయాలి. కట్టడానికి 4,00,000 అయ్యే ఇంటికి 3,00,000 రాస్తే, 8,000 నష్టానికి 6,000 మాత్రమే ఇస్తామనవచ్చు. చార్టర్డ్ సర్వేయర్ల సొసైటీ దీనికి ఒక లెక్క ఇస్తుంది, పది నిమిషాల పని.

డిపాజిట్ సంగతి. అది అద్దెకున్నవాడి సొమ్ము, మన దగ్గర ఉన్నదంతే. కోత పెడితే ఎందుకో మనమే చూపించాలి. వాళ్ళు ఒప్పుకోకపోతే రెసిడెన్షియల్ టెనెన్సీస్ బోర్డు ముందుకు వెళ్తుంది. నష్టపరిహారంగా 20,000 యూరోల దాకా ఇప్పించే అధికారం బోర్డుకుంది. కాని దిగేటప్పటి ఫోటోలు, సంతకం చేసిన సామాను జాబితా లేకపోతే మన మాట నిలవదు. ఇంకోటి, బోర్డు ఉత్తర్వులు ఇరుపక్షాల పేర్లతో ప్రచురిస్తారు. తెలిసినవాళ్ళ పిల్లలతో అక్కడిదాకా వెళ్ళడం ఎవరికి సరదా? నా దగ్గర 2022 నాటి ఫోటోలు ఉన్నాయి. 2,100 డిపాజిట్‌లో 1,900 తలుపులకు పోయింది, 200 వెనక్కి ఇచ్చాను.

ఈ గొడవ మధ్యలో ఆ ఫాసెట్ బిగించిన కుర్రాడు ఒక సాయంత్రం ఇంటికొచ్చాడు. మా ఆవిడ ఇచ్చిన కాఫీ చల్లారిపోతున్నా ముట్టుకోలేదు. "అన్నా, మీకు డబ్బిచ్చి ఇన్సూరెన్స్ వాళ్ళు నా మీద కేసు వేస్తారా? వీసాకు ఇబ్బందా?" అన్నాడు. నాకు అంతవరకు తట్టని ప్రశ్న. నష్టం కట్టిన కంపెనీ, కారకుడి నుంచి వసూలు చేసుకునే హక్కును సబ్రొగేషన్ అంటారు. అమెరికాలో ఉన్న పాఠకులకు 1975 నాటి ఓక్లహోమా కేసు, సటన్ వర్సెస్ జొండాల్, పనికొస్తుంది. అద్దె ఇంట్లో పదేళ్ళ పిల్లవాడు పాప్‌కార్న్ యంత్రంతో రసాయన ప్రయోగం చేసి ఇల్లు అంటించాడు. అద్దెకున్నవాడు కూడా ఆ బీమా కిందివాడే, కాబట్టి అతని మీద కంపెనీ వసూలుకు రాకూడదని కోర్టు అంది. అన్ని రాష్ట్రాలూ దీన్ని ఒప్పుకోలేదు. ఇంగ్లండ్‌లో 1985 నాటి బెర్నీ ఇన్స్ కేసులో, అద్దెదారు ప్రీమియంలో వంతు కట్టాడని ఇలాంటి తీర్పే వచ్చింది. రెండు చోట్లా ఒప్పందంలో ఏం రాసుకున్నారన్నది ముఖ్యం. మా ఒప్పందంలో ఆ ఊసే లేదు. అడ్జస్టర్‌ను అడిగి, అద్దెదారు మీద వసూలుకు వెళ్ళబోమని మెయిల్ తెప్పించుకున్నాను. అది కుర్రాడికి ఫార్వర్డ్ చేశాకే అతను ఆ నెల పరీక్షలు రాశాడట. తడిసిన అతని లాప్‌టాప్‌కు మాత్రం నా పాలసీ పైసా ఇవ్వలేదు. అద్దెకున్నవాడి సామానుకు అతనే వేరే పాలసీ తీసుకోవాలి.

మరుసటి ఏడాది ప్రీమియం 180 యూరోలు పెరిగింది. అద్దెదారు చేసిన పని వల్ల పెరిగితే ఆ తేడా అతన్ని అడగవచ్చని చట్టంలో ఉంది. నేను అడగలేదు. లెక్క కడితే నా చేతి నుంచి పోయింది 2,900, ఈ 180 కాకుండా.

ఇప్పుడు వేరే కుటుంబం ఉంటోంది. అద్దెదారులు కావాలని చేసే నష్టానికి అదనపు కవరు తీసుకున్నాను. దిగిన రోజు 64 ఫోటోలు తీసి ఇద్దరం సంతకాలు చేశాం. బాత్రూములో హెల్త్ ఫాసెట్ ముందే ఉంది, ప్లంబరుతో నేనే పెట్టించాను.