స్వయంభువు కాదు, సర్వేరాయి

మా కాలనీ పార్కులో వేపచెట్టు కడుపులోంచి వెంకటేశ్వరస్వామి వెలిశాడు. 2025 మే నెలలో వచ్చిన గాలివానకి పెద్ద కొమ్మ ఒకటి విరిగి, దానితో పాటు కాండం ఒక పక్క మొదలుదాకా చీలిపోయింది. ఆ చీలికలో నల్లటి రాయి, రాయి నెత్తిన మూడు గీతల నామం! మూడో రోజుకి పసుపు కుంకుమలు, వారానికి ఫ్లెక్సీ, రెండో నెలకి తాళం వేసిన హుండీ. ఇప్పుడు చెట్టు మొదలు చుట్టూ సిమెంటు గద్దె పోసి, పైన స్లాబు వేసి గుడి కట్టాలని కొత్తగా పుట్టిన కమిటీ తీర్మానం. కాలనీలో దాదాపు అందరూ సంతకం పెట్టారు. నేను పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో కమిటీ సమావేశంలో చెప్పనివ్వలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా సంగతి. నేను బి.కాం. చదివి రక్షణ శాఖ లెక్కల విభాగంలో 37 ఏళ్ళు పనిచేసి 2018లో రిటైరయ్యాను. వోచరు లేనిదే రూపాయి పాస్ చెయ్యని ఉద్యోగం. స్టోరులో ఒక వస్తువు ఉందంటే అది ఎప్పుడు వచ్చింది, ఎవరు తెచ్చారు, ఏ పేజీలో రాశారు అని అడగడం అలవాటైపోయింది. దేవుడు కదా అని ఆ అలవాటు మానుకోలేకపోయాను.

రాయి ఎక్కడిదో చెబుతాను. సికింద్రాబాదు శివార్లలోని మా కాలనీకి ఉత్తరపు హద్దు మిలిటరీ భూమి. 1985 నాటి లేఅవుట్ ప్లాను నకలు నా ఫైల్లో ఉంది. అందులో సరిగ్గా ఈ చోట బౌండరీ పిల్లరు నంబరు 7 అని గుర్తు పెట్టి ఉంది. నేల మీద ఎత్తు 18 అంగుళాలు, మందం 6 అంగుళాలు. 1987 జులైలో వనమహోత్సవం నాడు ఆ రాయి పక్కనే వేపమొక్క నాటాం. గడ్డపలుగు పట్టింది నేనే. రాయికి అయిదంగుళాల దూరంలో నాటమని ఓ పెద్దాయన సలహా ఇచ్చారు, ఆ పక్కనుంచైనా మేకలు మూతి పెట్టకుండా ఉంటాయని. స్వామివారి అవతార రహస్యం ఇదీ!

మరి నామం? అది బాణం గుర్తు. బ్రాడ్ యారో అంటారు. బ్రిటిషువాళ్ళ కాలంలో సర్కారు సొత్తు మీదా సర్వేరాళ్ళ మీదా చెక్కేవారు. ఇప్పటికీ మన సైనిక వాహనాల నంబరు ప్లేటు మీద బాణం గుర్తు ఉంటుంది, ఈసారి రోడ్డు మీద కనపడినప్పుడు చూడండి. ఉద్యోగంలో ఆ గుర్తుని కొన్ని వేలసార్లు చూసి ఉంటాను. రాయి పైముఖం మీద చెక్కింది కనుక ఎటు నుంచి చూస్తే అటు. చీలికకు ఎడమ పక్క నుంచి వంగి చూస్తే నామం, కుడి పక్క నుంచి వంగి చూస్తే బాణం. కమిటీవారు కుడి పక్కన ఇనుప గేటు పెట్టి తాళం వేశారు.

ఇహ చెట్టు రాయిని ఎలా మింగిందన్నది. ఇందులో మహిమ లేదు గానీ, నిజానికి మహిమ కంటే ఆసక్తికరమైన సంగతి ఉంది. చెట్టు పొడవు పెరిగేది కొమ్మల కొసల్లోనూ వేళ్ళ కొసల్లోనూ మాత్రమే. కాండం లావెక్కేది బెరడుకీ కలపకీ మధ్యన ఉండే కేంబియం అనే పల్చటి పొర వల్ల. ఆ పొర లోపలివైపు కొత్త కలపని, బయటివైపు కొత్త బెరడుని వేసుకుంటూ పోతుంది. అడ్డంగా రాయో ఇనుప కమ్మో తగిలితే చెట్టు పక్కకి జరగలేదు కదా. తగిలిన చోట ఒత్తిడి పెరుగుతుంది. ఒత్తిడి పెరిగిన చోట చెట్టు ఎక్కువ కలప వేస్తుంది. అలా అడ్డానికి రెండు పక్కలా పెదవుల్లాగా ఉబ్బి, ఏళ్ళ తరబడి మెల్లగా ముందుకు పాకి, చివరికి ఆ పెదవులు రెండూ కలుసుకుంటాయి. అంతే, వస్తువు లోపల, చెట్టు బయట.

మా చెట్టు లెక్క కూడా వేశాను. 2025 జూన్‌లో టేపు పెట్టి కొలిస్తే చుట్టుకొలత 82 అంగుళాలు. అంటే అడ్డుకొలత సుమారు 26, మధ్య నుంచి అంచుకి 13 అంగుళాలు. 38 ఏళ్ళకి 13 అంగుళాలంటే ఏడాదికి మూడోవంతు అంగుళం పైచిలుకు. అయిదంగుళాల దూరంలో ఉన్న రాయిని తాకడానికి 15 ఏళ్ళు, అంటే 2002 ప్రాంతం. ఆరంగుళాల మందాన్ని దాటడానికి ఇంకో పదిహేడు, పద్దెనిమిదేళ్ళు, అంటే 2019, 2020 ప్రాంతం. (చెట్టు ఏటా ఒకేలా పెరగదు. ఒకటి రెండేళ్ళు అటూ ఇటూ అయినా ఆడిట్‌కి అభ్యంతరం లేదు.) 2020 దాకా కళ్ళెదుట ఉన్న రాయి, అయిదారేళ్ళు కనపడకపోయేసరికి మనకి దేవుడైపోయింది!

అన్నట్టు, రాయి సగం బయట ఉన్న రోజుల్లో నా వాకింగు మిత్రుడొకాయన దాని మీద కాలు పెట్టి బూటు లేసు కట్టుకునేవాడు. ఎన్నిసార్లు చూశానో. ఆయనే ఇప్పుడు కమిటీ కోశాధికారి. ఆ సంగతి గుర్తు చేసిన రోజు నుంచి నాతో మాటలు మానేశాడు. ముప్పై ఏళ్ళ స్నేహం.

ఇప్పుడు నాకు ఎదురైన వాదనలు ఒక్కొక్కటే తీసుకుంటాను.

1. "చెట్టు భక్తితో స్వామిని కావలించుకుంది." అదే పార్కులో గానుగచెట్టు ఉంది, వచ్చి చూడండి. అది ఇనుప ట్రీగార్డుని కావలించుకుంది. దాని పక్క చెట్టు కోచింగు సెంటరు బోర్డుని నాలుగు మేకులతో సహా సగం మింగింది. బోర్డు మీద ఇప్పుడు ఫోన్ నంబరులో ఆరంకెలే మిగిలాయి. చెట్టుకి దేవుడూ ట్యూషనూ ఒకటే. ఏ కోతమిల్లులోనైనా అడగండి, దుంగల్లోంచి మేకులూ తీగలూ బయటపడి రంపం పళ్ళు విరగడం వాళ్ళకి మామూలు సంగతి. మేకుకి దణ్ణం పెట్టరు, తిట్టుకుని కొత్త రంపం బిగిస్తారు.

2. "రాయి భూమిలోంచి పైకి పెరిగింది." ప్లానులో 18 అంగుళాలు. నేను కొలిస్తే 16. పార్కులో మట్టి పోసి రెండంగుళాలు ఎత్తు చేశారు, స్వామి ఆ మేరకి తగ్గాడు. కాండానికి నాలుగడుగుల ఎత్తున మేకు కొడితే యాభై ఏళ్ళ తర్వాత కూడా అది నాలుగడుగుల ఎత్తునే ఉంటుంది. ఈ చిన్న విషయం తెలియక అమెరికావాళ్ళు కూడా బోల్తాపడ్డారు. వాషింగ్టన్ రాష్ట్రంలో వాషాన్ అనే ద్వీపంలో ఒక చెట్టు సైకిల్ని మింగింది. 1914లో ఓ కుర్రాడు సైకిల్ని చెట్టుకి కట్టి యుద్ధానికి వెళ్ళాడట, తిరిగి రాలేదట, చెట్టు దాన్ని పెంచుకుంటూ పైకెత్తిందట. కన్నీళ్ళు తెప్పించే కథ. తీరా చూస్తే అది చిన్నపిల్లల సైకిలు, యుద్ధానికి వెళ్ళే వయసువాడు తొక్కేది కాదు. అది 1950లలో తాను చిన్నప్పుడు వదిలేసిన సైకిలేనని ఆ ద్వీపంలోనే పెరిగిన ఒకాయన చెప్పాడు. చెట్టు దేన్నీ పైకెత్తదు. ఎత్తున ఉందంటే ఎవరో ఎత్తున పెట్టారనే అర్థం.

3. "థాయిలాండులో బుద్ధుడి తల చెట్టు వేళ్ళ మధ్య ఉంటే లోకమంతా వెళ్ళి చూస్తుంది, మన దగ్గరే మీకు అభ్యంతరమా?" మంచి ప్రశ్న. అయుత్థయలో వాట్ మహాథాట్ అనే పధ్నాలుగో శతాబ్దపు ఆలయం ఉంది. 1767లో బర్మా సైన్యం ఆ నగరాన్ని ధ్వంసం చేసింది. ఒక విగ్రహం తల కిందపడి అక్కడే ఉండిపోయిందని కొందరు, దొంగలు తరలించబోయి వదిలేశారని కొందరు అంటారు. దాని చుట్టూ రావిజాతి చెట్టు వేళ్ళు అల్లుకున్నాయి. ఫొటో దిగేవాళ్ళు ఆ తల కంటే తమ తల ఎత్తున లేకుండా కూర్చుని దిగాలని అక్కడ నియమం. గౌరవం ఉంది, కాదనను. కానీ ఆ తల చెట్టుకి కాసిందని మాత్రం అక్కడి చరిత్ర చెప్పదు. చెట్టు చుట్టూ సిమెంటు పొయ్యలేదు. కంబోడియాలో తా ప్రోమ్ గుడిని చెట్ల వేళ్ళు ఎలా పట్టుకున్నాయో సినిమాల్లో చూసే ఉంటారు. ఆ గుడి మరమ్మతుల్లో మన భారత పురావస్తు శాఖే ఏళ్ళ తరబడి పనిచేసింది. అక్కడ గుడీ కావాలి, చెట్టూ కావాలి అని ఒక్కొక్క రాయీ లెక్కపెట్టి పనిచేసే మనం, ఇక్కడ మన పార్కులో ఒక్క వేపచెట్టు దగ్గర బుద్ధి ఎందుకు పారేసుకుంటున్నాం?

4. "ఎవరి నమ్మకం వారిది, మధ్యలో మీకేం నష్టం?" నాకు కాదు, ముందు చెట్టుకి నష్టం. అలెక్స్ షైగో అని అమెరికా అటవీశాఖలో పనిచేసిన శాస్త్రవేత్త వేల చెట్లని నిలువునా కోసి చూసి 1970లలో తేల్చిన విషయం ఒకటుంది. చెట్టు మనలాగా గాయాన్ని మాన్పుకోదు. పాడైన భాగం చుట్టూ గోడ కట్టి, దాన్ని వేరుచేసి, బయట కొత్త కలప వేసుకుంటుంది. మా చెట్టు రాయి విషయంలో చేసుకున్నది అదే. గాలివానకి ఆ గోడ పగిలింది. పగిలిన చోటే రోజూ పాలూ తేనే అభిషేకం, లోపలే నూనె దీపాలు. తడికి కలప కుళ్ళుతుంది, వేడికి కేంబియం మాడుతుంది. ఇప్పుడు సిమెంటు గద్దె కూడానట! చెట్టు వేళ్ళలో చాలామటుకు పైన రెండడుగుల మట్టిలోనే ఉంటాయి, వాటికి నీరే కాదు, గాలీ కావాలి. చెట్ల మొదళ్ళ చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసెయ్యమని 2013లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ అధికారులను ఆదేశించింది అందుకే. మన వాల్టా చట్టం (2002) ప్రకారం అనుమతి లేకుండా చెట్టు కొట్టకూడదు. భక్తితో ఊపిరాడకుండా చేసి చంపితే మాత్రం చెల్లుతుందా?

తర్వాత మనుషులకి నష్టం. చీలిన కాండం కింద రోజూ సాయంత్రం పిల్లలు ఆడుకుంటారు, స్త్రీలు ప్రదక్షిణలు చేస్తారు. ఇంకో గాలివాన వస్తే? పార్కు అందరిదీ. బహిరంగ స్థలాల్లో కొత్తగా ప్రార్థనా కట్టడాలు కట్టనివ్వద్దని సుప్రీంకోర్టు 2009 సెప్టెంబరు 29న ఉత్తర్వు ఇచ్చింది. అన్ని మతాలకూ అదే మాట. దర్గా అయినా, శిలువ అయినా నేను ఇదే రాసేవాణ్ణి. పైగా ఆ రాయి మిలిటరీ భూమికి హద్దు. రేపు కొలతలకి వచ్చిన సర్వేయరు ఎవర్ని అడగాలి, అర్చకుణ్ణా?

హుండీ సంగతి కూడా. ఆరు నెలల్లో ఎంత వచ్చిందని అడిగాను. "స్వామికి లెక్కలేమిటండీ?" అన్నారు. స్వామికి అక్కర్లేదు, కోశాధికారికి కావాలి!

సమావేశంలో ప్లాను నకలు చూపించబోతే ఒక యువకుడు (ఇంజినీరింగు చదివినవాడు) "లెక్కలవాళ్ళకి భక్తి ఏం తెలుస్తుందంకుల్" అన్నాడు. అందరూ నవ్వారు. మా ఆవిడ కూడా అక్కడే కూర్చుని ఉంది, నవ్వలేదు గానీ తల దించుకుంది. ఆ రాత్రి "మీరు చెప్పింది నిజమే, కానీ రేపు మన ఇంట్లో పేరంటానికి ఎవరొస్తారు?" అంది. మూఢనమ్మకం బలం ఎక్కడుందో నాకు అప్పుడు తెలిసింది. రాయి దేవుడని నమ్మేవాళ్ళు మా కాలనీలో పదిమంది ఉంటారేమో. మిగతావాళ్ళు ఆ పదిమందికి భయపడేవాళ్ళు. ఆ రాయిని మొదటినుంచీ ఎరిగినవాళ్ళు మా వీధిలోనే అరడజను మంది ఉన్నారు. ఒక్కరూ నోరు విప్పరు.

లక్ష రూపాయల సవాలు విసిరి ఎందరో బాబాల గుట్టు రట్టు చేసిన అబ్రహాం కోవూర్ వృత్తిరీత్యా వృక్షశాస్త్రం చెప్పిన మాస్టారు. ఆయన ఉంటే ఈ రాయి సంగతి అయిదు నిమిషాల్లో తేల్చేసేవారు. ఆయన 1978లో పోయారు. శాస్త్రీయ దృష్టిని పెంపొందించుకోవడం పౌరుడి బాధ్యత అని 1976 సవరణ ద్వారా మన రాజ్యాంగంలో, 51ఎ అధికరణంలో రాసుకున్నాం. రాసుకుని దాచుకున్నాం.

నేను రాయిని పీకెయ్యమనడం లేదు. పీకితే చెట్టు ఇంకా చీలుతుంది. దణ్ణం పెట్టుకునేవాళ్ళని ఆపమనీ అనడం లేదు. అడుగుతున్నది నాలుగే: గద్దె పొయ్యకండి. దీపాలు చెట్టుకి దూరంగా పెట్టండి. చెట్ల సంగతి తెలిసినవాళ్ళని పిలిపించి కాండం నిలుస్తుందో లేదో చూపించండి. అక్కడ చిన్న బోర్డు పెట్టి "బౌండరీ పిల్లరు 7, వేపచెట్టు 1987" అని రాయండి. బోర్డుని చెట్టుకి మేకులతో మాత్రం కొట్టకండి.

ఇదే విషయం రాసి సంబంధిత ఆఫీసులో దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకున్నాను. ప్లాను నకలు కావలసినవాళ్ళు మా ఇంటికి రావచ్చు. టేపు కూడా నా దగ్గరే ఉంది. నా కొలత తప్పనుకునేవాళ్ళు వచ్చి స్వయంగా కొలుచుకోండి, తప్పని తేలితే ఇక్కడే దిద్దుకుంటాను.