నీటికి చివర, ముంపుకు ముందు

2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడింది. గుంటూరు జిల్లా నుంచి వేమూరు, రేపల్లె, బాపట్ల నియోజకవర్గాలను, ప్రకాశం జిల్లా నుంచి పర్చూరు, అద్దంకి, చీరాల నియోజకవర్గాలను తెచ్చి ఒకచోట కలిపారు. లోక్‌సభ స్థానానికి ఒక జిల్లా అన్నదే ఆనాటి కొలబద్ద. కలెక్టరు ఆఫీసు దగ్గరైంది. సోమవారం అర్జీ పట్టుకుని గుంటూరుకో, ఒంగోలుకో బస్సెక్కే పని తప్పింది. అంతవరకు మంచిదే. కాని ఆ అర్జీలో రాసే సంగతి మారిందా? శివారుకు నీళ్లు రాలేదు, డ్రెయిన్ పూడిక తీయలేదు, కౌలు కార్డు ఇవ్వలేదు. జిల్లా పేరు మారినా రైతు అర్జీలో ఈ మూడు మాటలు మారలేదు.

ఎందుకు మారలేదో తెలియాలంటే ముందు మన నేలను చూడాలి. తూర్పున కృష్ణానది, దాని ఒడిలో కొల్లూరు, భట్టిప్రోలు, రేపల్లె లంకలు. దక్షిణాన నిజాంపట్నం నుంచి సూర్యలంక, చీరాల వాడరేవు దాకా సముద్రం. మధ్యలో డెల్టా మాగాణి, పడమర పర్చూరు వైపు నల్లరేగడి. కృష్ణా పశ్చిమ డెల్టా నీరు ప్రకాశం బ్యారేజీ దగ్గర బయలుదేరి, దుగ్గిరాల వద్ద పాయలై, కొమ్మమూరు, నిజాంపట్నం, రేపల్లె కాలువల వెంట మన దగ్గరికి వస్తుంది. పైవాళ్ల పొలాలు తడిసాకే మన వంతు. పర్చూరు వైపు నాగార్జునసాగర్ కుడికాలువ నీరు రావాలి. ఆ ప్రధాన కాలువే 203 కిలోమీటర్లు నడిచి, ఆ తర్వాత బ్రాంచి కాలువలుగా విడిపోతుంది. అక్కడా మనది శివారే. రెండు పెద్ద కాలువలకు చివర ఉన్న జిల్లా మనది.

కాలువలకే కాదు, డ్రెయిన్లకూ చివర మనమే ఉన్నాం. పైన గుంటూరు, పల్నాడు పొలాల్లో కురిసిన వాన నల్లమడ, రొంపేరు, తుంగభద్ర డ్రెయిన్ల వెంట మన ఊళ్ల మీదుగానే సముద్రానికి పోవాలి. నీళ్లు కావలసినప్పుడు అందరికంటే చివర అందుతాయి. అక్కర్లేనప్పుడు అందరికంటే ముందు ముంచుతాయి.

2023 సంవత్సరమే ఇందుకు సాక్ష్యం. ఆ ఏడాది కృష్ణా పరీవాహకంలో వానలు మొహం చాటేశాయి, సాగర్ నిండలేదు. శివారు రైతులు కాలువ గట్టున ఇంజిన్లు పెట్టి, డీజిలు పోసి, పైరు బతికించుకున్నారు. అంత కష్టపడి కోతకు తెచ్చిన వరి మీదికి డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను వచ్చింది. అది తీరం దాటింది బాపట్ల దగ్గరే. కోసిన పనలు నీళ్లలో తేలాయి, నిలిచిన చేను నేలకొరిగింది. ఒకే పంటలో ఒకే రైతు కరువునూ, ముంపునూ చూశాడు. మరుసటి ఏడాది సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు లంక గ్రామాల్లో అరటి, పసుపు, కంద తోటలు మునిగాయి.

తుపానును ఎవరూ ఆపలేరు. కాని పొలంలో నీరు రెండు రోజుల్లో పోతుందా, పది రోజులు నిలుస్తుందా అన్నది దేవుడి పని కాదు. అది డ్రెయిన్ పని. డెల్టా మురుగు సమస్యపై మిత్రా కమిటీ 1965లోనే నివేదిక ఇచ్చింది. డ్రెయిన్ల అభివృద్ధి కోసమంటూ 1968లో చట్టం చేసి కృష్ణా, గోదావరి డెల్టా రైతుల మీద డ్రైనేజీ సెస్సు వేశారు. మన తాతలు, తండ్రులు ఆ సెస్సు కట్టారు. ఈనాటికీ వానాకాలం వచ్చేసరికి డ్రెయిన్ల నిండా గుర్రపుడెక్క, తూటికాడ. మొగల దగ్గర ఇసుక మేటవేసి, సముద్రానికి పోవలసిన నీరు పొలాల మీదికి ఎగదన్నుతోంది.

దీనికి తోడు వరి రైతుకూ, రొయ్యల చెరువు రైతుకూ తగువు. చెరువు ఉప్పునీరు పక్క చేలోకి ఊరుతోందని ఒకరు, డ్రెయిన్ నీరే దిక్కని ఒకరు. ఇద్దరూ మన రైతులే. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి పెంచితే ఆ దెబ్బ రేపల్లె, నిజాంపట్నం చెరువు గట్టున తగిలింది. అదే ఏడాది పర్చూరు ప్రాంతంలో నల్లబర్లీ పొగాకును కంపెనీలు కొనకపోతే ప్రభుత్వం మార్క్‌ఫెడ్‌ను దించాల్సి వచ్చింది. చేపలచెరువైనా, పొగాకు చేనైనా, ధర నిర్ణయించేవాడు ఎక్కడో ఉంటాడు. నష్టం మాత్రం ఇక్కడే మిగులుతుంది.

ఇక తీరం మాట. సూర్యలంక బీచ్ అభివృద్ధికి కేంద్రం స్వదేశ్ దర్శన్ కింద నిధులు మంజూరు చేసింది. వద్దనం. నాలుగు కొట్లు వస్తే మన పిల్లలకే పని. అయితే తీరమంటే ఆదివారం జనమే కాదు. ఇసుక నేలలో దొరువులు తవ్వి, పైన తేలిన మంచినీటితో ఆకుకూర, వేరుశనగ పండించే రైతు కూడా తీరమే. ఎక్కువ తోడితే ఉప్పునీరు పైకి వస్తుందని, దొరువును మెరుగుపరిచి పైనీటినే పొదుపుగా తీసుకునే పద్ధతిని బాపట్ల పరిశోధకులే చూపించారు. 1945లో వ్యవసాయ కళాశాల పెట్టిన ఊరిది, దేశానికి సాంబ మసూరి ఇచ్చిన నేలిది. ఇక్కడి చదువు ఇక్కడి చేలోకి రావడానికి పైసలు పెట్టమంటున్నాం. తీరం పేరు చెప్పి భూమి తీసుకున్న అనుభవమూ మనకుంది. 2008లో వాన్‌పిక్ పేరుతో వేల ఎకరాలు సేకరించారు. రేవు రాలేదు, భూములు కేసుల్లో చిక్కాయి.

ఈ నేల మనుషులు పైనుంచి గీసిన గీతకు ఊరికే తలవంచినవారు కారు. ఆంధ్ర రాష్ట్రం కావాలన్న ప్రథమాంధ్ర మహాసభ 1913లో జరిగింది బాపట్లలోనే. చీరాల, పేరాలలను మున్సిపాలిటీ చేసి పన్నులు పెంచితే 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనం ఇళ్లు వదిలి, ఊరి బయట రామనగర్ కట్టుకుని నెలల తరబడి బతికారు. అదే చీరాలకు 1985లో కారంచేడు దళితులు ప్రాణాలు అరచేత పట్టుకుని వచ్చారు. 1991లో చుండూరు. ఈ రెండు ఊళ్లూ మన జిల్లాలోవే. మన చరిత్ర గొప్పది అని చెప్పుకునేటప్పుడు దీన్ని దాచకూడదు. భూమి ఎవరి పేరున ఉంది, చేలో ఒంగేది ఎవరు అన్న ప్రశ్న తేలనంతకాలం రైతుల ఐక్యత సగమే.

ఆ ప్రశ్న ఈరోజు కౌలురైతు రూపంలో ఉంది. 2019 సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కార్డు రావాలంటే భూయజమాని సంతకం కావాలి. సంతకం పెడితే భూమి పోతుందన్న భయం యజమానిది. అడిగితే కౌలు పోతుందన్న భయం కౌలుదారుది. కార్డు లేకపోతే పంట రుణం లేదు, పంట మునిగినా పరిహారం చేతికి రాదు.

రాజకీయం సంగతి చూద్దాం. బాపట్ల లోక్‌సభ 2009 నుంచి ఎస్సీ రిజర్వుడు స్థానం. నాలుగు ఎన్నికల్లో మూడు పార్టీలను గెలిపించాం: 2009లో కాంగ్రెస్, 2014లో తెలుగుదేశం, 2019లో వైసీపీ, 2024లో మళ్లీ తెలుగుదేశం. జనం మార్చవలసిన ప్రతిసారీ మార్చారు. శివారు మాత్రం శివారుగానే ఉంది. ఎందుకంటే ఎన్నికలు ఓట్ల పటం మీద జరుగుతాయి, నీళ్లు వేరే పటం మీద నడుస్తాయి. జిల్లా హద్దులు రేపు మరోలా మారవచ్చు, మండలాలు అటూ ఇటూ పోవచ్చు. కాలువ వాలు మారదు.

ఈ సంగతి చట్టానికీ తెలుసు. 1997 సాగునీటి సంఘాల చట్టం రెవెన్యూ హద్దును కాక, కాలువ కింది ఆయకట్టును బట్టి సంఘాలు ఏర్పాటు చేయమంది. సముద్రమట్టం కంటే దిగువన సాగుచేసే నెదర్లాండ్స్‌లో నీటి బోర్డులు 13వ శతాబ్దం నుంచే ఉన్నాయి. వాటికి ఇప్పటికీ విడిగా ఎన్నికలు జరుగుతాయి. మన దగ్గర ఏళ్ల తర్వాత 2024 డిసెంబరులో సంఘాలకు ఎన్నికలు జరిపారు. రికార్డులో పేరు లేని కౌలురైతుకు అందులోనూ ఓటు లేదు. సంఘాలను కాంట్రాక్టుల కోసం కాక, నీళ్ల కోసం నడిపించే బాధ్యత ఇప్పుడు మనది.

కాబట్టి మన సంఘం అడిగేవి ఇవి. ఒకటి, కాలువకు నీరు వదిలినప్పుడు శివారుకు ముందు అందేలా వంతులు వేసి, ఆ వంతులను గ్రామంలో బోర్డు మీద రాయాలి. రెండు, వేసవిలోనే డ్రెయిన్ల పూడిక తీసి, మొగలు తెరవాలి. ఖర్చు లెక్క సాగునీటి సంఘం ముందు పెట్టాలి. మూడు, యజమాని సంతకంతో పని లేకుండా సాగుచేసే ప్రతివారికీ కార్డు, నీటి సంఘంలో ఓటు ఇవ్వాలి. నాలుగు, గ్రామసభ ఒప్పుకోకుండా తీరంలో సెంటు భూమి తీసుకోకూడదు.

ఇవి బాపట్ల ఒక్కటే తేల్చగలిగినవి కావు. పై జిల్లాల రైతులతో కలిసి కూర్చోవాలి. వాళ్లు మనకు శత్రువులు కారు, అదే కాలువ నీళ్లు తాగే అన్నదమ్ములు. ఈ నెల ప్రతి గ్రామ కమిటీ తన ఊరి కాలువ వెంట, డ్రెయిన్ వెంట నడిచి, ఎక్కడ నీరు ఆగుతోందో రాసి పంపాలి. ఆ కాగితాలన్నీ కలిస్తే మన జిల్లా అసలు పటం తయారవుతుంది. సోమవారం కలెక్టరు బల్ల మీద పెట్టవలసిన అర్జీ అదే.