మొక్కకూ ఒక కాగితం కావాలి

నగరంలో పేదలు నివసించే ఏ బస్తీకి వెళ్లినా, యజమాని ఎవరో తెలియని ఖాళీ జాగా ఒకటైనా కనిపిస్తుంది. కూలిన ఇంటి స్థలం, నాలా అంచు, ట్రాన్స్‌ఫార్మర్ వెనుక మూల, రోడ్డు వెడల్పు చేయగా మిగిలిన ముక్క. మొదట ఎవరో రాత్రిపూట ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు పోసి వెళతారు. ఆ పైన చెత్త చేరుతుంది, వానాకాలంలో నీరు నిలుస్తుంది, దోమలు ముసురుతాయి. ఫిర్యాదు చేస్తే ఆ స్థలం మాది కాదని ఒక శాఖ అంటుంది, మా పరిధిలోకి రాదని మరో శాఖ అంటుంది. అక్కడే నాలుగు వేప మొక్కలు, ఒక మునగ, ఒక గోరింట నాటి చుట్టూ ముళ్లకంప వేసి చూడండి. పరిధిలోకి రాదన్నవారే నోటీసు పట్టుకుని వస్తారు. బాధ్యత దగ్గర అనాథగా ఉండే భూమికి హక్కు దగ్గర మాత్రం వారసులు చాలామంది.

ఇటువంటి స్థలాలను, అనుమతి కోసం ఎదురుచూడకుండా స్థానికులే శుభ్రపరచి పచ్చగా మార్చే పనిని పాశ్చాత్య నగరాల్లో గెరిల్లా గార్డెనింగ్ అని పిలుస్తున్నారు. పేరులో యుద్ధం ఉన్నా చేతిలో ఉండేవి పలుగూ పారే. మన యువకులలోనూ ఈ ఆసక్తి పెరగడం సంతోషకరం. అయితే ఈ నెల సంపాదకీయానికి మేము దీనిని ఎంచుకున్నది మొక్కల మీద మమకారంతో మాత్రమే కాదు. ఎవరూ పట్టించుకోని నేల మీద చెమటోడ్చినవారికి ఆ నేలపై ఏ మేరకు హక్కు పుడుతుంది? ఈ ప్రశ్నను వాయిదా వేసి మొక్కలు నాటినవారు అనేక చోట్ల నష్టపోయారు. ఆ అనుభవం మన బస్తీలకు ముందుగానే తెలిసి ఉండాలి.

న్యూయార్క్ నగర చరిత్ర ఇందుకు మంచి పాఠం. 1970 దశకంలో ఆ నగరం దివాలా అంచుకు చేరింది. లోయర్ ఈస్ట్ సైడ్, సౌత్ బ్రాంక్స్ వంటి పేద ప్రాంతాల్లో అద్దెలు గిట్టుబాటు కాక యజమానులు భవనాలను వదిలి వెళ్లిపోయారు. బీమా సొమ్ము కోసం తగులబెట్టిన ఇళ్లూ ఉన్నాయి. పన్నులు కట్టని ఆస్తులు నగర పాలక సంస్థ పరమయ్యాయి. అది వాటిని కూల్చి, కంచె వేసి, మరచిపోయింది. ప్యూర్టోరికో నుంచి వచ్చిన కుటుంబాలు, నల్లజాతివారు, కొత్తగా వచ్చిన వలస జనం ఆ శిథిలాల పక్కనే పిల్లలను పెంచుకోవలసి వచ్చింది.

అదే పేటలో ఉంటున్న లిజ్ క్రిస్టీ అనే చిత్రకారిణి తన మిత్రులతో కలసి 1973లో బవరీ, హ్యూస్టన్ వీధుల కూడలిలోని అటువంటి ఒక స్థలంలోకి ప్రవేశించింది. వారు తమ బృందానికి గ్రీన్ గెరిల్లాస్ అని పేరు పెట్టుకున్నారు. తాళం వేసిన కంచెల మీదుగా విత్తనాలు, ఎరువు కూర్చిన ముద్దలు విసరడం వారి పద్ధతి. బవరీ మూలలో మాత్రం విసిరి ఊరుకోలేదు. చెత్త ఎత్తిపోశారు, బయటి నుంచి మట్టి తెప్పించారు, ఎత్తు మడులు కట్టి కూరగాయలు వేశారు. కూల్చిన భవనాల నేలలో పాత రంగుల తాలూకు సీసం ఉంటుంది కాబట్టి, ఇటువంటి చోట్ల పైన కొత్త మట్టి పోసి మడులు కట్టడం ఆరోగ్యరీత్యా కూడా అవసరం.

ఇక్కడ మన దృష్టి నిలవవలసిన సంగతి వేరొకటి ఉంది. దొంగచాటుగా మొదలైన ఆ పనిని వారు దొంగచాటుగా కొనసాగించలేదు. నగర అధికారులతో మాట్లాడి, 1974లో నెలకు ఒక్క డాలరు అద్దెకు ఆ స్థలాన్ని రాతపూర్వకంగా పొందారు. ఆ ఒక్క డాలరు ఆక్రమణదారులను అద్దెదారులుగా మార్చింది. నగరమంతటా ఇతర పేటలవారు అదే దారి పట్టారు. 1978 నాటికి నగర పాలక సంస్థే గ్రీన్‌థంబ్ అనే విభాగాన్ని ఏర్పాటు చేసి, ఇటువంటి తోటలకు నామమాత్రపు అద్దెతో అనుమతులు ఇవ్వవలసి వచ్చింది. లిజ్ క్రిస్టీ 1985లో మరణించింది. ఆమె పేరుతో ఆ తోట నేటికీ అదే కూడలిలో ఉంది.

కథ అక్కడితో ఆగితే బాగుండేది. తోటల వల్ల పేటలు బాగుపడ్డాయి, బాగుపడిన పేటల్లో నేల ధర పెరిగింది, పెరిగిన ధర చూసి నగరానికి మరచిపోయిన స్థలాలు గుర్తుకు వచ్చాయి. 1999లో మేయర్ రుడాల్ఫ్ గిలియానీ ప్రభుత్వం 114 తోటలను వేలానికి పెట్టింది. ఊరేగింపులు, అరెస్టులు, న్యాయస్థానంలో వ్యాజ్యాలు సాగిన తర్వాత, వేలానికి ముందు రోజు రెండు స్వచ్ఛంద సంస్థలు కలసి 42 లక్షల డాలర్లు చెల్లించి వాటిని కొని కాపాడాయి. అందరికీ ఆ అదృష్టం దక్కలేదు. ప్యూర్టోరికో కుటుంబాలు 20 ఏళ్లకు పైగా పెంచిన ఎస్పెరాన్జా అనే తోటను 2000 ఫిబ్రవరి 15న బుల్డోజర్లు నేలమట్టం చేశాయి. తోటల కూల్చివేతను నిలిపివేస్తూ న్యాయమూర్తి ఉత్తర్వు ఇచ్చినది అదే రోజు, కొన్ని గంటల తర్వాత. స్పానిష్ భాషలో ఎస్పెరాన్జా అంటే ఆశ.

లాస్ ఏంజిలిస్‌లో జరిగినది ఇంకా పెద్ద నష్టం. 1992 అల్లర్ల తర్వాత సౌత్ సెంట్రల్ ప్రాంతంలోని 14 ఎకరాల నగర స్థలాన్ని పేద కుటుంబాల సాగుకు వదిలారు. సుమారు 350 కుటుంబాలు, ఎక్కువగా మెక్సికో, మధ్య అమెరికాల నుంచి వచ్చినవారు, అక్కడ మొక్కజొన్న, చిక్కుళ్లు, నాగజెముడు వంటివి పండించుకున్నారు. ఆ తర్వాత నగరం ఆ స్థలాన్ని పూర్వ యజమానికి అమ్మింది. 2006 జూన్ 13న పోలీసులు వారిని వెళ్లగొట్టారు. పన్నెండేళ్ల సాగుకు వారి చేతిలో ఉన్నది అనుభవం మాత్రమే, పత్రం కాదు.

నిర్జీవ భూమిని బాగుచేయడం గురించి మన ఫిఖ్ గ్రంథాలు విస్తారంగా చర్చించాయి. ఇహ్యా అల్ మవాత్ అనే ఆ అధ్యాయం ప్రకారం, ఎవరికీ చెందని బీడును సాగులోకి తెచ్చినవారికి దానిపై హక్కు ఏర్పడుతుంది. ఇందుకు పాలకుని అనుమతి అవసరమని ఇమాం అబూ హనీఫా అభిప్రాయం. అవసరం లేదని ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్‌ల అభిప్రాయం. హద్దు రాళ్లు పాతి మూడేళ్లు వృథాగా వదిలినవానికి హక్కు నిలవదన్న హజ్రత్ ఉమర్ నిర్ణయమూ ప్రసిద్ధమే. ఈ మాటలు విని ఉత్సాహపడేవారు అదే అధ్యాయంలోని రెండో సగాన్ని కూడా చదవాలి. పరుల నేలలో అన్యాయంగా దిగిన వేరుకు హక్కు లేదన్నదీ అక్కడి సూత్రమే. నగరంలో యజమాని కనబడని స్థలం ఉంటుంది గానీ, యజమాని లేని స్థలం దాదాపు ఉండదు. చెత్తకుప్పను చూసి దానిని మవాత్ అనుకోవడం తొందరపాటు. మొక్క నాటడం సదఖా కావాలంటే ఆ నేల వివాదరహితమై ఉండాలి.

మన దేశ చట్టం మరింత కఠినం. లిమిటేషన్ చట్టం ప్రకారం ప్రభుత్వం తన స్థలం కోసం దావా వేయడానికి 30 ఏళ్ల గడువు ఉంది. అంటే ఒక తరం మొక్కలు పెంచినా ఆ నేల చేజారవచ్చు. బుల్డోజర్ కూల్చివేతలపై సుప్రీంకోర్టు 2024 నవంబర్ 13న ఇచ్చిన తీర్పు 15 రోజుల ముందస్తు నోటీసు తప్పనిసరి చేసింది. అయితే రోడ్డు, ఫుట్‌పాత్, రైలు పట్టాల పక్క, చెరువు, నది వంటి చోట్ల ఉన్న అనధికార నిర్మాణాలకు ఆ రక్షణ వర్తించదని అదే తీర్పు స్పష్టం చేసింది. మన యువకులు మొక్కలు నాటాలని చూసే స్థలాలు తరచుగా ఇవే. మొక్క నిర్మాణం కాదు, నిజమే. కానీ దాని పక్కన వేసిన రేకుల షెడ్డు, కట్టిన అరుగు నిర్మాణాలే.

ఇంకొక కఠిన సత్యమూ చెప్పుకోవాలి. సంపన్నుల కాలనీలో ఫుట్‌పాత్ మీద పూలకుండీలు వరుసగా పెడితే దానిని పౌరసేవ అంటారు. మన బస్తీలో అదే పని చేస్తే స్థలం కాజేసే పన్నాగమంటారు. ఈ తేడా అన్యాయమని మేము ఎన్నోమార్లు రాశాం, ఇకముందూ రాస్తాం. అయితే ఆ అన్యాయం ఉన్నంతకాలం మన జాగ్రత్త రెట్టింపు ఉండక తప్పదు. తోటలో జెండా కర్ర పాతకండి, ఎవరి పేరుతోనూ బోర్డు పెట్టకండి, నమాజుకు చబుత్రా కట్టకండి. పక్కింటి హిందూ, దళిత కుటుంబాలను మొదటి రోజే పనిలోకి పిలవండి. ఆ నీడ వారిది కూడా.

అనుమతి సులభంగా దొరికే స్థలాలు మన చేతిలోనే కొన్ని ఉన్నాయి. వాటిని చూడకుండా నాలా గట్టు వెంట తిరగడం మాకు వింతగా తోస్తుంది. వక్ఫ్ ఆస్తులలో, ఖబ్రస్తాన్‌ల అంచుల్లో, దర్గాల ఆవరణల్లో ముళ్లపొదలు మొలిచి పడి ఉన్న నేల తక్కువేమీ కాదు. 1995 వక్ఫ్ చట్టంలో వక్ఫ్ ఆస్తులకు లిమిటేషన్ చట్టం వర్తించదన్న రక్షణ ఉండేది. 2025 సవరణ ఆ రక్షణను తొలగించింది. ఇక మీదట ఒక ఆక్రమణదారు ఏళ్ల తరబడి తిష్ఠ వేసి, గడువు ముగిసిందని వాదించే అవకాశం ఏర్పడింది. సవరణను వ్యతిరేకిస్తూ సభలు పెట్టిన ముతవల్లీలు తమ అధీనంలోని ఖాళీ నేలకు కంచె వేసి నాలుగు చెట్లు ఎందుకు పెంచలేదని అడిగే హక్కు సముదాయానికి ఉంది. పెరుగుతున్న తోట, దానికి నీళ్లు పోసినవారి హాజరు పట్టిక, ఏటా తీసిన ఛాయాచిత్రాలు స్వాధీనానికి సాక్ష్యాలే. సమాధులకు దూరంగా, ప్రహరీ పొడవునా నాటుకుంటే వేళ్ల వల్ల ఇబ్బంది ఉండదు. తోట పెంచినవారు దానిని సొంతం చేసుకునే ప్రమాదం లేకుండా, ఆదాయం వస్తే ఆ వక్ఫ్ ఖాతాకే చేరేలా ముందే రాసుకోవాలి.

ఈ పనిలో స్త్రీల సంగతి ఎవరూ ఎత్తరు. ఇరుకు గల్లీల్లో, ఒకటి రెండు గదుల ఇళ్లలో ఉండే మన ఆడపిల్లలకు ఆరుబయట కూర్చోవడానికి చోటు లేదు. ఉన్న పార్కులు దూరం, అక్కడి సాయంత్రాలు మగవారివి. ఇంటి వాకిలి నుంచి కనిపించేంత దగ్గరలో 100 గజాల తోట ఉంటే దాని విలువ వారికే తెలుస్తుంది. ఏ మొక్క ఎక్కడ వేయాలో, తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలో వారినే నిర్ణయించనివ్వాలి. కరివేపాకు, నిమ్మ, గోరింట, పుదీనా ఏ బజారులో ఏ ధర పలుకుతున్నాయో లెక్క తెలిసినవారు వారే.

రెండు రాష్ట్రాల మున్సిపల్ యంత్రాంగాలను మేము కోరేది పెద్దదేమీ కాదు. వార్డులవారీగా ఖాళీ ప్రభుత్వ స్థలాల జాబితా ప్రకటించండి. ఏ నిర్మాణమూ చేయబోమన్న షరతు మీద, వీధి సంఘానికి మూడేళ్ల గడువుతో, ఏడాదికి ఒక్క రూపాయి అద్దెతో ఒక పేజీ ఒప్పందం ఇవ్వండి. స్థలం అవసరమైతే ఆరు నెలల ముందు తెలియజేయండి. ఒక నల్లా కనెక్షన్ ఇవ్వండి. చెత్త ఎత్తివేతకు అదే స్థలంపై ఏటా పెట్టే ఖర్చుతో పోలిస్తే ఇది భారం కాదు.

ఈ ఒప్పందం కోసం కదలదలచిన బస్తీలవారు ముందుగా స్థలం సర్వే నంబరు, టౌన్ సర్వే రికార్డులో యజమాని పేరు, వక్ఫ్ గెజెట్‌లో దాని ప్రస్తావన తెలుసుకోవాలి. కార్యాలయంలో చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. జవాబుకు 30 రోజుల గడువు ఉంటుంది, అప్పీలుకు మరికొంత కాలం పడుతుంది. జూన్ తొలి వానలకు గుంతలు సిద్ధంగా ఉండాలంటే దరఖాస్తు ఫిబ్రవరిలోనే పెట్టాలి.