మెదడు పటములు - పల్లె బిడ్డలు

కొమురవెల్లి మల్లన్నకు మ్రొక్కుకొన్నవారు ఒగ్గు పూజారులచేత పట్నము వేయింతురు. రంగుల పొడులతో నేలమీద ముగ్గు తీర్చి, దేవుని పిలిచి, కథ చెప్పుట అచ్చటి ఆచారము. ఆ ముగ్గు దేవుని పిలుచుటకు పరచిన పీఠమే గాని దేవుడు కాదని వేసినవారికిని తెలియును, చూచువారికిని తెలియును. ఆటిజము గల బిడ్డల మెదడునకు శాస్త్రజ్ఞులు తీయుచున్న రంగుల పటముల యెదుట మాత్రము చదువుకొన్నవారికి సైతము ఈ వివేకము తప్పుచున్నది. పటమునే బిడ్డ యని భ్రమించుచున్నారు.

ఆటిజమును ప్రత్యేకముగా వర్ణించిన తొలి వైద్యులలో అమెరికాలో పనిచేసిన లియో కానర్ ముఖ్యుడు. ఆయన 1943లో 11 మంది పిల్లల వృత్తాంతములను ప్రకటించెను. పేరు పెట్టి పిలిచినను తిరిగి చూడకుండుట, ఎదుటివారి కన్నులలోనికి చూడకుండుట, చేసిన పనినే మరల మరల చేయుట, మాట ఆలస్యముగా వచ్చుట, వచ్చిన మాటను సంభాషణకు వాడకుండుట - ఇట్టివి దాని లక్షణములు. అన్నియు అందరియందును ఒక్క తీరుగా నుండవు. దీనిని నిర్ణయించుటకు ఈనాటికిని నెత్తురు పరీక్ష లేదు, స్కానింగును లేదు. బిడ్డ నడవడిని ఓపికతో గమనించుటయే మార్గము. మూర్ఛ వంటి ఇతర లక్షణములున్నపుడు వైద్యుడు మెదడు స్కానింగు వ్రాయవచ్చును. అది వేరు సంగతి.

మరి ఈ పటములు దేనిని చూపును? మెదడులో ఒక భాగము పనిచేయునపుడు అచ్చటికి ప్రాణవాయువు నిండిన నెత్తురు అధికముగా చేరును. ఆ నెత్తురునకును ప్రాణవాయువు కోలుపోయిన నెత్తురునకును అయస్కాంత గుణమున భేదము కలదు. ఆ భేదమును యంత్రముతో పట్టవచ్చునని సెయిజీ ఒగావా 1990లో చూపెను. ఎఫ్‌ఎంఆర్‌ఐ అను పద్ధతికి మూలమదియే. కావున తెరమీద ఎఱ్ఱగా వెలుగునది ఆలోచన కాదు. కొన్ని సెకనుల ఆలస్యముతో వచ్చిన నెత్తుటి జాడ, దానిపై కట్టిన లెక్క. లెక్కలో శ్రద్ధ తప్పినచో ఏమగునో తెలుపుటకు అమెరికాలో కొందరు పరిశోధకులు చచ్చిన సాల్మను చేపను యంత్రములో నుంచి, దానికి మనుష్యుల చిత్రములు చూపిరి. 2009లో ప్రకటించిన ఫలితమేమనగా, సవరణ చేయని లెక్కలో ఆ చేప మెదడును పనిచేసినట్లే కనబడినది! ఇది నవ్వుకొని మరచు ముచ్చట కాదు. ఆ యంత్రమును నిందించుటకు గాక, దానిని వాడువారిని హెచ్చరించుటకు చేసిన పని అది.

పిల్లల విషయమున చిక్కు ఇంకను పెద్దది. యంత్రపు గొట్టములో పడుకొని, ఆ భీకరమగు చప్పుడు నడుమ తల కదల్పక యుండవలెను. తల ఇంచుక కదలినను మెదడు భాగముల నడుమ లేని భేదములు కనబడునని 2012లో వెలువడిన పరిశోధనలు తేల్చినవి. చెప్పిన మాట విని కదలక పడుకొనగల బిడ్డలే ఎక్కువగా పటముల కెక్కుదురు. మాట రానివారు, చప్పుడునకు చెవులు మూసికొని పరుగెత్తువారు పటము వెలుపలనే నిలుతురు. సహాయము మిక్కిలి కావలసినది వారికే గదా!

ఇక వీడియోల ద్వారా నేర్పు చికిత్స. ఇది ఊహామాత్రము కాదు. ఎదుట మనిషి చేసి చూపుటకంటె అదే పనిని వీడియోలో చూపినపుడు ఆటిజము గల పిల్లలు త్వరగా నేర్చిరని 2000లో అమెరికాలో ఒక చిన్న పరిశోధన చూపినది. బ్రిటనులో సైమన్ బారన్-కోహెన్ బృందము రైళ్లకును ట్రాములకును నిజమైన మనుష్యుల ముఖములను అమర్చి కథాచిత్రములను చేయించినది. నాలుగు వారములు వానిని చూచిన పిల్లలు ముఖభావములను గుర్తించుటలో మెరుగైరని 2010లో ప్రకటించిరి. మనుష్యుల ముఖములు కలవరపెట్టినను, చక్రముల పరుగు ఆ పిల్లలకు ప్రీతి. ప్రీతి గల దారినే విద్యను నడపుట తెలివియే.

ఈ నేర్పు మెదడులో కనబడునా? యేలులో ఆటల ద్వారా నేర్పు చికిత్సకు ముందును తరువాతను మెదడు పటములు తీసి, మార్పు కనబడినదని 2013లో ప్రకటించిరి. ఆ పరిశోధనలో నున్న పిల్లలు ఇద్దరే. అంతకు ముందు 2006లో జర్మనీ పరిశోధకులు ఆటిజము గల పెద్దలకు కంప్యూటరుమీద ముఖభావములను నేర్పిరి. వారు నేర్చిరి, కాని ముఖములను గుర్తించుటకు ముఖ్యమని చెప్పు మెదడు భాగమున గణనీయమగు మార్పు కనబడలేదు. దీనినిబట్టి తెలియునదేమి? పటము మారకయే మనిషి నేర్వవచ్చును. తల్లికి కావలసినది ఆ నేర్పే గాని ఆ రంగు కాదు.

అట్లని ఈ శాస్త్రమును తీసివేయరాదు. ఒక కాలమున తల్లి ప్రేమ చల్లబడుటచేతనే బిడ్డ ఇట్లయ్యెనని పెద్ద పేరు గల వైద్యులు సైతము వ్రాసిరి. ఆ అపవాదమును 1977లో కవలలపై జరిగిన పరిశోధన గట్టిగా కదల్చినది. మెదడు నిర్మాణమును గూర్చిన పరిశోధనలు దానికి తోడైనవి. మన పల్లెలలో 'తల్లి సరిగా పెంచలేదు' అను మాట ఇంకను చావలేదు. ఆ మాటను చంపుటకు ఈ పటములు పనికివచ్చినచో అదియే వాని ఘనమైన ప్రయోజనము. దోషము ఎవరిదియు కాదని ఒక కోడలికి ఆమె అత్తయెదుట చెప్పగల శాస్త్రము గొప్పదే.

కాని ప్రయోజనమునకును అమ్మకమునకును నడుమ గోడ యుండవలెను. 'స్కానింగు తీయించినచో తెలిసిపోవును' అను ఆశతో ఎడ్లనమ్మి పట్నమునకు పోవు తండ్రికి, ఆ పటము చికిత్సను చెప్పదని ముందుగా చెప్పవలసినవారు వైద్యులే. చెప్పనిచో అది మౌనము కాదు, మోసము.

మరి పల్లెకు తగిన వీడియో ఏది? గోవాలోను, పాకిస్తానులోని రావల్పిండిలోను 65 మంది పిల్లలపై జరిగిన పరిశోధన దీనికి బదులు చెప్పుచున్నది. తల్లియు బిడ్డయు ఆడుకొనుచుండగా వీడియో తీసి, తరువాత దానిని తల్లికే చూపి, 'ఇచ్చట బిడ్డ నీవైపు చూచినాడు, ఇచ్చట నీవు తొందరపడితివి' అని శిక్షణ పొందిన మనిషి కూర్చుండి తెలుపును. ఆ మనిషి వైద్యుడు కానక్కరలేదు. బిడ్డకు తగినట్లు తల్లి బదులిచ్చుట పెరిగినది. బిడ్డ తానై పలుకరించుట పెరిగినది. అన్నియు మెరుగు కాలేదు. ఇరువురును ఒకే వస్తువుపై మనసు నిలిపిన కాలము కొంత తగ్గినది. అయినను చౌకయైన పరికరముతో, ఇంటి వాకిటనే, ఇంటి భాషలోనే ఇంత సాధ్యమైనది.

ఇంటి భాష అను మాట తేలికగా తీసికొనరాదు. ఆంగ్లములో తెల్లదొర బిడ్డ 'హలో' అను వీడియోను చూచిన సిద్దిపేట బిడ్డ 'హలో' అనుట నేర్వవచ్చును. కాని ఇంట అవ్వను పిలువవలెను, బాపును పిలువవలెను, బువ్వ అడుగవలెను. సంక్రాంతి మొదలు ఉగాది వరకు ఆదివారములందు మల్లన్న జాతర కిక్కిరియును. డోళ్ల మ్రోత, పసుపు దుమ్ము, జనపు త్రొక్కిడి అట్టి బిడ్డకు దుస్సహములు. జాతర ఎట్లుండునో ముందుగా ఇంటివద్ద చిన్న వీడియోలో చూపి, చప్పుడును క్రమముగా అలవాటు చేయుట ఎవరికైనను సాధ్యమే. దేవునికి మ్రొక్కుట తప్పు కాదు. మ్రొక్కు తీరువరకు బిడ్డను చూపింపక జాగు చేయుట తప్పు.

సాధనములు దూరముగా లేవు. సికింద్రాబాదులో 1984లో వెలసిన జాతీయ సంస్థ ఆటిజమును కొలుచుటకు 40 అంశముల భారతీయ మానమును రూపొందించినది. దానికి యంత్రము అక్కరలేదు. చూపు, ఓపిక కావలెను. 2013లో మొదలైన బాలస్వాస్థ్య కార్యక్రమమున పిల్లల ఎదుగుదల లోపములను వెదకుట భాగము. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఆటిజమును గుర్తించినది. కొరత మనుష్యులది: అంగన్వాడీ టీచరుకు శిక్షణ, తెలుగులో తీసిన పాఠములు, వారమునకొకమారు ఇంటికి వచ్చు ఒక్క మనిషి.

పరిశోధకులు పటములను తీయుదురు గాక. వానిలో తెలుగు బిడ్డలును, మాట రాని బిడ్డలును చేరుదురు గాక. కాని పది రూపాయలున్నచోట ముందు ఖర్చు పెట్టవలసినది బిడ్డ ప్రక్కన కూర్చుండు మనిషికి. మెదడు వెలిగినదో లేదో యంత్రము చెప్పును. పిలిచినపుడు బిడ్డ పలికినాడో లేదో అవ్వ చెప్పును. వైద్యము సాగినదా యని విచారించువారు మొదట ఆమెనే అడుగవలెను.