కొత్త చిప్ ఏ దశలో ఉందో కూడా రాయండి



మీ పత్రిక సాంకేతిక పేజీలో కొత్త మైక్రోకంట్రోలర్ల గురించి తరచూ రాస్తున్నందుకు సంతోషం. వేగం, మెమరీ, వైఫై వివరాలన్నీ ఇస్తున్నారు. ఆ చిప్ ఇవాళ కొందామంటే దొరుకుతుందా లేదా అన్నది మాత్రం ఉండటం లేదు. నాలాగా చిన్న సంస్థలకు సర్క్యూట్ బోర్డులు డిజైన్ చేసేవాళ్లకూ, ఇంజినీరింగ్ విద్యార్థులకూ ముందు కావలసింది అదే.

షాంఘైకి చెందిన ఎస్‌ప్రెసిఫ్ సంస్థ ఈఎస్‌పీ32-సీ5 చిప్‌ను 2022 జూన్‌లో ప్రకటించింది. 2.4 గిగాహెర్ట్జ్‌తో పాటు 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లోనూ వైఫై 6 పనిచేస్తుందనగానే మా రంగంలో చాలామందికి ఆశ పుట్టింది. అపార్ట్‌మెంట్లలో 2.4 బ్యాండ్ ఎంత కిక్కిరిసి ఉంటుందో చూసినవాళ్లకు ఆ ఆశ ఎందుకో తెలుసు. భారీ ఉత్పత్తి మొదలైందని కంపెనీ చెప్పేసరికి 2025 వేసవి వచ్చింది. 2022లో బీటెక్‌లో చేరిన కుర్రాడు అప్పటికి మూడో ఏడాది చివర్లో ఉన్నాడు. సీ5 కంటే ముందు వచ్చిన అదే సంస్థ సీ6 చిప్ కూడా 2021 ఏప్రిల్‌లో ప్రకటిస్తే 2023 జనవరికి గానీ అందరికీ అందలేదు.

ఆలస్యమైందని నేను తప్పు పట్టడం లేదు. వేఫర్ ఫ్యాబ్‌లోకి వెళ్లి బయటికి రావడానికే నెలలు పడుతుంది. మొదటి నమూనాల్లో లోపం కనిపిస్తే మాస్కు మార్చి మళ్లీ మొదటినుంచీ రావాలి. రేడియో ఉన్న చిప్‌కు ధ్రువీకరణలు అదనం. పెద్ద కొనుగోలుదార్లు రాబోయే ఏళ్ల ఉత్పత్తులకు ఇప్పుడే ప్రణాళిక వేసుకోవాలి, సాఫ్ట్‌వేర్ లైబ్రరీలూ ముందుగానే సిద్ధం కావాలి. అందుకని ముందే ప్రకటించడంలో న్యాయం ఉంది. ఏ దశలో ఉందో చెప్పకుండా ప్రకటించడంలో మాత్రం లేదు.

ఎందుకంటే పెద్ద కంపెనీలకు గోప్యతా ఒప్పందాల కింద నమూనాలూ తేదీలూ ముందే అందుతాయి. చిన్నవాళ్లం పత్రికలో చదివి ఊహించుకోవలసిందే. బోరు మోటార్లకు మొబైల్ స్టార్టర్లు తయారుచేసే చిన్న యూనిట్‌నే తీసుకోండి. "కొత్తది వస్తోందట కదా, ఆగుదాం" అని యజమాని అంటే, ఉన్న చిప్‌తో ఖరీఫ్‌కు ముందే మార్కెట్లోకి వెళ్లగలిగిన బోర్డు ఆగిపోతుంది. ఆ సీజన్ అమ్మకం మళ్లీ రాదు. విద్యార్థుల పరిస్థితి ఇంకా కష్టం. ప్రాజెక్టు ప్రతిపాదనలో కొత్త చిప్ పేరు రాస్తారు. కోఠి గుజరాతీ గల్లీలో అడుగుతారు, ఆన్‌లైన్‌లో వెతుకుతారు, చివరికి పాత బోర్డుకు కోడ్ అంతా తిరగరాసుకుంటారు.

వేరేలా చేసినవాళ్లూ ఉన్నారు. రాస్ప్‌బెర్రీ పై సంస్థ 2024 ఆగస్టు 8న ఆర్‌పీ2350 చిప్‌ను ప్రకటించినప్పుడే, దానితో తయారైన పికో 2 బోర్డును 5 డాలర్లకు అమ్మకానికి పెట్టింది. అయితే ఆ చిప్‌లో లోపం బయటపడింది. లోపలి పుల్-డౌన్ పెట్టుకున్న ఇన్‌పుట్ పిన్ సున్నాకు దిగకుండా సుమారు 2.2 వోల్టుల దగ్గర నిలిచిపోయేది. సంస్థ ఆ సంగతిని డేటాషీట్‌లోనే ఈ9 పేరుతో నమోదు చేసింది, 2025లో ఏ4 రివిజన్‌తో సరిదిద్దింది. అందువల్ల చిప్ దొరుకుతోందని తెలిస్తే చాలదు, దొరికేది ఏ రివిజనో కూడా తెలియాలి.

చిప్ కంపెనీలు ప్రకటన రోజే సిలికాన్ చేతికొచ్చిందో లేదో, నమూనాలు ఎవరికి ఇస్తున్నారో, భారీ ఉత్పత్తికి వెళ్లేది ఏ రివిజనో చెప్పాలి. అవి చెప్పకపోతే అడిగి రాయించే శక్తి పత్రికలకు ఉంది. ప్రతి చిప్ వార్త కింద ఒక్క వాక్యం చేర్చండి: ఇది ప్రకటన మాత్రమేనా, నమూనాలు ఇస్తున్నారా, మన దేశంలో డిస్ట్రిబ్యూటర్ల దగ్గర స్టాకు ఉందా? వైర్‌లెస్ మాడ్యూల్ అయితే మన టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే ఈటీఏ అనుమతి వచ్చిందో లేదో కూడా రాయండి, విదేశాల్లో అమ్ముతున్నంత మాత్రాన ఇక్కడ వాడి అమ్ముకోలేం. చిప్ నిజంగా దుకాణాలకు చేరిన రోజున మరోసారి వార్త వేయండి. మాకు పని మొదలయ్యేది ఆ రోజే.

కాలేజీల్లో ప్రాజెక్టు గైడ్లకూ ఒక విన్నపం. ప్రతిపాదన మీద సంతకం పెట్టేముందు ఆ చిప్‌కు స్టాకు చూపించే లింకు గానీ దుకాణం కొటేషన్ గానీ విద్యార్థి చేత జతచేయించండి.

ఇట్లు,
ఒక సర్క్యూట్ డిజైనర్, హైదరాబాద్