మైకు మనదైతేనే మాట మనది

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లలో ఒక కథ బయటికి రావాలంటే నిర్మాత ఒప్పుకోవాలి, సెన్సార్ దాటాలి, థియేటర్ దొరకాలి. దర్శకుడు పూరి జగన్నాథ్ కిక్‌బాక్సింగ్ మీద 2003లో తీసిన 'అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి' ఆడింది. 2022లో ఎంఎంఏ మీద తీసిన 'లైగర్' పోయింది. కానీ 2020 లాక్‌డౌన్‌లో మొదలెట్టిన 'పూరి మ్యూజింగ్స్' పాడ్‌కాస్ట్‌ని మధ్యలో ఆపినా, మళ్లీ మొదలెట్టడానికి ఎవర్నీ అడగక్కర్లేకపోయింది. తాళం ఆయన చేతిలోనే ఉంది.

మనం నేర్చుకోవాల్సింది ఇదే. క్రికెట్ గురించి రోజంతా మాట్లాడే టీవీలు, నిజామాబాద్ జిల్లా నుంచి దేశానికి ఫుట్‌బాల్ ఆడిన మన గుగులోత్ సౌమ్య గురించి ఎంతసేపు మాట్లాడాయి? మన ఊరి కబడ్డీ గురించి? వాళ్లు మాట్లాడరు. మీ చేతిలో ఫోనుంది, మీరే మాట్లాడండి. మధ్యలో ఆగిపోయినా పర్లేదు, మళ్లీ మొదలెట్టండి.